యూనివర్సిటీ లెక్కలు అడగొచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి రాష్ట్ర విశ్వవిద్యాలయంలో సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సు చదువుతున్నాడు. ఫీజు ఎందుకు పెంచారని అడిగితే, ‘ఇది ప్రభుత్వ డబ్బు కాదు, లెక్క చెప్పక్కర్లేదు’ అన్నారు. నిజమేనా?

జవాబు: కాదండీ. 2005 నాటి సమాచార హక్కు చట్టం, శాసనసభ చేసిన చట్టంతో ఏర్పడిన ప్రతి సంస్థనూ ప్రభుత్వ సంస్థగానే లెక్కిస్తుంది. నిధులు ఎక్కడివన్న ప్రశ్న స్వచ్ఛంద సంస్థల వంటివాటికి వస్తుందే తప్ప, రాష్ట్ర విశ్వవిద్యాలయానికి రాదు. గ్రాంటైనా మీరు కట్టిన ఫీజైనా, రెండూ దాని లెక్కలే. పైగా బడ్జెట్టును, ఖర్చుల నివేదికలను ఎవరూ అడగకముందే బయటపెట్టాలని 4వ సెక్షన్ చెబుతోంది. ఈ సెక్షన్‌ను చాలా కార్యాలయాలు మరిచిపోయినట్టే ఉంటాయి!

ఏటా ఆడిట్ జరుగుతోంది కదా, ఇంకేం కావాలి అని వాళ్లనవచ్చు. ఆడిట్ ప్రధానంగా చూసేది ఖర్చుకు రసీదు, అనుమతి ఉన్నాయా అని. ఆ ఖర్చు అధ్యాపకుల మీద పెట్టాలా, భవనాల మీదా అన్నది వేరే ప్రశ్న. దాన్ని అడగాల్సింది ఫీజు కట్టేవాళ్లే. వ్యక్తిగత వివరాలున్నాయన్న అభ్యంతరమూ పూర్తిగా నిలవదు. 10వ సెక్షన్ ప్రకారం ఆ భాగం కొట్టేసి మిగతాది ఇవ్వొచ్చు.

అయితే సమాచార హక్కు దరఖాస్తులో ‘ఎందుకు పెంచారు?’ అని రాయకండి, సంజాయిషీ ఇవ్వాల్సిన పని సమాచార అధికారికి లేదు. మూడేళ్ల కోర్సు ఆదాయ వ్యయాలు, ఫీజు పెంపును ఆమోదించిన పాలక మండలి తీర్మానం, ఆడిట్ అభ్యంతరాల నకళ్లు అడగండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు వేయండి.