గోదావరి జంతుప్లవకాలు: వరద, చలి, ఎండ



ధవళేశ్వరం ఆనకట్టకు ఎగువన గోదావరిలో జంతుప్లవకాల (నీటిలో తేలియాడే సూక్ష్మ జంతువుల) ఏడాదిని నడిపేది ఎండ కన్నా ముందు ప్రవాహం. చలిదేశాల సరస్సుల మీద రాసిన పాఠాల్లో మంచు కరిగాక వచ్చే వసంతకాలపు పెరుగుదలకు పెద్దపీట వేస్తారు. ఆ లెక్క ఇక్కడ అతకదు. ఇక్కడి నీరు పన్నెండు నెలలూ వెచ్చనిదే; మారేది దాని వేగం, బురద, లోతు.

ఈ నీటిలో ముఖ్యమైన గుంపులు మూడు: రోటిఫర్లు, క్లాడోసెరాలు, కోపెపోడ్లు. 25 నుంచి 30 డిగ్రీల నీటిలో రోటిఫర్ పుట్టిన రెండు మూడు రోజులకే గుడ్లు పెడుతుంది, అదీ మగజీవి అవసరం లేకుండానే. మొయినా వంటి క్లాడోసెరాలదీ దాదాపు అదే తీరు. కోపెపోడ్ మాత్రం ఆరు నాప్లియస్ (తొలి లార్వా) దశలు, ఐదు కోపెపోడిడ్ దశలు దాటితే గాని పెద్దది కాదు. అందుకు వారాలు పడతాయి. రుతువుల తేడాలు చాలావరకు ఈ వ్యవధిలోంచే వస్తాయి.

జులై, ఆగస్టుల్లో ఎర్రనీరు దిగగానే లీటరుకు దొరికే ప్లవకాల సంఖ్య పడిపోతుంది. కొన్ని కొట్టుకుపోతాయి, మిగిలినవి ఎక్కువ నీటిలో పలచబడతాయి. వెలుతురు లోపలికి దిగక నాచుజీవులు తగ్గుతాయి. సన్నటి ఒండ్రు క్లాడోసెరాల వడపోత కాళ్ళకు అడ్డుపడుతుంది. అయితే చెరువుల నుంచి, కలుపుమొక్కల మొదళ్ళ నుంచి కొత్త జాతులు కొట్టుకొస్తాయి. జాతుల పట్టిక పెరిగిందని ప్లవకాలు పెరిగాయని రాసేయడం తరచూ జరిగే పొరపాటు.

నవంబరు నుంచి నీరు తేరుకుంటుంది. బురదలో దాగిన విశ్రాంత అండాలు పొదుగుతాయి. ప్రవాహం నెమ్మదించడంతో కోపెపోడ్లకు దశలన్నీ దాటే వ్యవధి దొరుకుతుంది.

మార్చి నుంచి మే వరకు ఆనకట్ట వెనుక నీరు దాదాపు చెరువులా నిలుస్తుంది. పట్టణాల మురుగు చేరేచోట బ్రాకియోనస్ ప్రజాతి రోటిఫర్లు విపరీతంగా పెరుగుతాయి. వీటిని సూక్ష్మదర్శిని కింద కాస్త నింపాదిగా చూడాలి. బ్రాకియోనస్ కాలిసిఫ్లోరస్‌ను ఆస్ప్లాంక్నా అనే పెద్ద రోటిఫర్ వేటాడుతుంది. వేటగత్తె నీటిలోకి వదిలే రసాయనం సోకితే, తల్లికి లేకపోయినా పిల్లలు వెనుకవైపు పొడవాటి ముళ్ళతో పుడతాయి. ముళ్ళున్నదాన్నీ లేనిదాన్నీ రెండు జాతులుగా లెక్కించకూడదు.

ఆనకట్టకు దిగువన కథ వేరు. వేసవిలో గౌతమి పాయలోకి పోటుతో ఉప్పునీరు ఎగబాకుతుంది. దానితో అకార్షియా వంటి ఉప్పునీటి కోపెపోడ్లు వస్తాయి. వరద మళ్ళీ వాటిని సముద్రం వైపు నెట్టేస్తుంది.

నమూనాకు సుమారు 50 మైక్రాన్ల కన్నుల వల కావాలి. అంతకన్నా పెద్ద కన్నుల్లోంచి చిన్న రోటిఫర్లు, నాప్లియస్‌లు జారిపోతాయి. కొలిచిన నీటిని వడగట్టి, 4 శాతం ఫార్మలిన్‌లో నిల్వచేసి, 1 మిల్లీలీటరు పట్టే సెడ్జ్‌విక్ రాఫ్టర్ గదిలో లెక్కిస్తారు. చాలా కోపెపోడ్లు పగలు లోతుకు దిగి రాత్రి పైకి వస్తాయి కాబట్టి ప్రతి నెలా ఒకే వేళకు, ఒకే రేవులో, ఒకే లోతులో నీరు తీయాలి. లెక్క పక్కనే ఆనాటి నీటిమట్టం, ప్రవాహ వేగం, నీటి తేటదనం కొలిచే సెక్కీ పళ్ళెం కనిపించిన లోతు కూడా రాసుకోవాలి.