సైరను మూగవోయిన వీథి

ముంబయిలో రైలుమార్గం వెంట సాగే సేనాపతి బాపట్ మార్గానికి పూర్వనామం తులసీ పైప్ రోడ్డు. 1854లో కావస్‌జీ నానాభాయ్ దావర్ నగరంలో తొలి నూలుమిల్లుకు అంకురార్పణ చేసిన పిమ్మట, క్రమంగా ఈ పరిసరాలన్నీ ‘గిరణ్‌గావ్’, అనగా మిల్లుల ఊరు అయ్యాయి. సైరను కూతే అక్కడివారికి గడియారం. కొంకణ ప్రాంతపు రైతుబిడ్డలతోపాటు తెలంగాణ పద్మశాలీలు కూడా ఆ మిల్లులలో పనికి కుదిరారు. మగ్గమెరిగిన చేతులకు కొత్తగా పట్టుబడవలసింది యంత్రవేగమొక్కటే! ఇరుకు గదులలో, పగటిపాళీవాడు లేచిన చాపమీద రాత్రిపాళీవాడు నడుము వాల్చేవాడు.

1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వాన సమ్మె మొదలైంది. సుమారు రెండున్నర లక్షలమంది పని మానారు. అనేక మిల్లులు మళ్లీ తెరుచుకోలేదు.

అప్పటినుండి వస్త్రంకన్న నేలకే విలువ హెచ్చింది. 1991 నాటి నిబంధన మిల్లు భూమిలో ఒక వంతు ఉద్యానాలకు, ఒక వంతు సామాన్యుల గృహాలకు, మిగిలినది యజమానికి చెందాలన్నది. ఆ పంపకం న్యాయమైనదే. కాని 2001లో చేసిన సవరణ వలన కట్టడాలు లేని ఖాళీస్థలం మాత్రమే లెక్కకు వచ్చింది. నగరం వాటా మిక్కిలి కుదించుకుపోయింది. 2006లో సుప్రీంకోర్టు ఆ సవరణనే సమర్థించింది.

1905లో స్థాపితమైన ఫీనిక్స్ మిల్లు ఆవరణ నేడు విలాసవంతమైన విపణి. పాత పొగగొట్టం అక్కడ అలంకారంగా మిగిలింది. చుట్టూ వెలసిన కార్యాలయాలకు వేలాదిగా ఉద్యోగులు వస్తున్నారు. దారులు మాత్రం ఆ మేరకు పెరగలేదు. 2017 సెప్టెంబరు 29న ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషను పాదచారుల వంతెనపై జరిగిన తొక్కిసలాటలో 23 మంది మరణించారు.