రాష్ట్ర చిహ్నాలు: కొల్లేరు చెప్పిన పాఠం

పోటీ పరీక్షల్లో రాష్ట్ర చిహ్నాల మీద ప్రశ్నలు తరచుగా వస్తూంటాయి. అటువంటి ప్రశ్నకు తరగతిలో నేనే తప్పు జవాబు చెప్పిన సంగతితో ఈ వ్యాసం మొదలుపెడతాను. "మన రాష్ట్ర పుష్పం కలువ" అన్నాను. నేను చదువుకున్న రోజుల్లో అదే సరైన జవాబు. వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, "మల్లె అండీ, 2018లో మారింది" అంది. ఆమెది కొల్లేటి లంక గ్రామం. కూర్చోబోతూ, "మా ఊళ్ళో కలువలు ఊరికే దొరుకుతాయండీ, మల్లెలైతే కైకలూరు వెళ్ళి కొనుక్కోవాలి" అని కూడా అంది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను గాని, ఇంటికి వెళ్ళి పుస్తకాలు తిరగేయక తప్పలేదు.

ముందు వాస్తవాలు చూద్దాం. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. 2014 జూన్ 2న తెలంగాణ వేరు రాష్ట్రమయింది. ఉమ్మడి రాష్ట్రానికి పక్షి పాలపిట్ట, పుష్పం కలువ, వృక్షం వేప, జంతువు కృష్ణజింక. విభజన తరువాత తెలంగాణ పాలపిట్టను ఉంచుకొని, తంగేడు పువ్వును, జమ్మిచెట్టును, జింకను ఎంచుకొన్నది. మన ప్రభుత్వం 2018లో వేపను, కృష్ణజింకను అలాగే ఉంచి, రామచిలుకను, మల్లెను తీసుకొన్నది. రాష్ట్ర గీతం శంకరంబాడి సుందరాచారి గారి "మా తెలుగు తల్లికి". రాష్ట్ర ముద్రలో పూర్ణఘటం ఉంటుంది. ఇవి కంఠస్థం చేస్తే మార్కులు వస్తాయి.

అయితే, చిహ్నం కాగితం మీద ఉంటే చాలునా? ఇందుకు అమెరికాలోని లూసియానా రాష్ట్రం మంచి ఉదాహరణ. 1812లో ఆ దేశపు 18వ రాష్ట్రమయింది. రాజధాని బాటన్ రూజ్. మిసిసిపీ నది సముద్రంలో కలిసేది అక్కడే. వరి, చేపలు, రొయ్యలు అన్నీ మన డెల్టాలాగానే. వారి జెండా మీద పిల్లలను సాకుతున్న పెలికాన్, అనగా మన గూడబాతు, కనిపిస్తుంది. 1966లో గోధుమరంగు గూడబాతును రాష్ట్ర పక్షిగా చట్టం చేశారు. విచిత్రమేమంటే, అప్పటికి ఆ రాష్ట్రంలో గూడుకట్టే గూడబాతు ఒక్కటీ మిగల్లేదు! పురుగుమందులు నీళ్ళలోకి దిగి, చేపల్లో చేరి, ఆ చేపలు తిన్న పక్షులను నాశనం చేశాయి. 1968 నుంచి ఫ్లారిడా పిల్లలను తెచ్చి వదిలారు. 1972లో దేశమంతటా డి.డి.టి. వాడకాన్ని నిషేధించారు. చివరకు 2009లో ఆ పక్షిని ప్రమాద జాబితానుంచి తొలగించగలిగారు. చట్టం చెయ్యడానికి ఒక్క ఏడాది చాలింది. పక్షి కోలుకోవడానికి నలభై ఏళ్ళు పట్టింది.

ఇక మన కొల్లేటి సంగతి. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీటిని ఉప్పుటేరు సముద్రానికి చేరుస్తుంది. సరస్సును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రాంసర్ జాబితాలో చేరింది. 2006లో చేపల చెరువుల గట్లు తెగగొట్టారు. చాలాచోట్ల అవి మళ్ళీ లేచాయి. ఆ చెరువుల మీద బ్రతికేవాళ్ళూ మన విద్యార్థుల తల్లిదండ్రులే, కనుక ఒక్క మాటలో తీర్పు చెప్పలేము. అయినా ఆటపాకలో, అటవీశాఖవారు నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద, గూడబాతులు గూళ్ళు కడుతున్నాయి. వాటి పేరు మన రాష్ట్ర చిహ్నాల్లో లేదు.

మిత్రులారా, పరీక్షలో తప్పకుండా మల్లె అనే రాయండి. కాని ఒక ఆదివారం ఆటపాక వెళ్ళి చూసి రండి. లూసియానావారు పోగొట్టుకొని మళ్ళీ తెచ్చుకొన్న పక్షికి చుట్టమైనది మన ఇంటి పక్కనే ఉంది. మనం పోగొట్టుకుంటే, తెచ్చిచ్చే ఫ్లారిడా మనకెక్కడుంది?