సెల్ఫ్ మోటారు మార్చే ముందు

విజయవాడ



గుడివాడలో నువ్వు కొన్న మార్క్ టూ అంబాసిడర్ సంగతి మీ అమ్మ ఫోనులో చెప్పింది. సెల్ఫ్ కొడితే గుయ్యిమని మోటారు తిరుగుతోందట, ఇంజను మాత్రం కదలడం లేదట. ఆటోనగర్‌లో ఎవరో పాత మోటారు పీకేసి సాలినాయిడ్ ఉన్న కొత్తరకం వేయించుకోమన్నారట. తొందరపడకు. మోటారు అంత హుషారుగా తిరుగుతోందంటే దాని పని అది చేస్తున్నట్టే. ఆ తిరుగుడును ఇంజనుకు అందించాల్సింది బెండిక్స్. అదెలా పనిచేస్తుందో తెలిశాకే దాని మీద చెయ్యి వెయ్యి.

లావుపాటి బోల్టుకు వదులుగా నట్టు ఎక్కించి, బోల్టును ఒక్క విసురున తిప్పి చూడు. నట్టు దాంతోపాటు తిరగదు, మర వెంట జరుగుతుంది. బెండిక్స్ కిటుకంతా ఇదే. మోటారు షాఫ్టు మీద మర ఉన్న స్లీవు, దాని మీద పళ్ల పినియన్ ఉంటాయి. మోటారు ఉన్నపళంగా అందుకుంటే, బరువున్న పినియన్ ఆ వేగాన్ని అందుకోలేక మర మీద జరిగి ఫ్లైవీల్ రింగు పళ్లలో పడుతుంది. ఆ తాకిడిని లావు స్ప్రింగు కాచుకుంటుంది. ఇంజను స్టార్టయ్యాక రింగే పినియన్‌ను మోటారు కన్నా వేగంగా తిప్పుతుంది కాబట్టి అది మర మీద వెనక్కి నడుస్తుంది. నడవకపోతే మోటారు బతకదు. పినియన్ కన్నా రింగుకు పదిరెట్లో, అంతకన్నా ఎక్కువో పళ్లుంటాయి. పదిరెట్లే అనుకున్నా, ఇంజను నిమిషానికి 1,000 చుట్లు తిరిగితే మోటారు 10,000 తిరగాలి. ఆర్మేచర్ వైండింగ్ చెదిరిపోతుంది.

1912లో కాడిలాక్ కారుకు చార్లెస్ కెట్టరింగ్ ఎలక్ట్రిక్ స్టార్టరు పెట్టాడు. 1914 నాటికి విన్సెంట్ బెండిక్స్ చేసిన డ్రైవ్ షెవ్రొలేలోకి వచ్చింది. పినియన్‌ను నెట్టడానికి మీట గానీ అయస్కాంతం గానీ అక్కర్లేకుండా దాని బరువుతోనే పని జరిపించాడు చూడు, అందుకే నాకు ఆయనంటే అంత గౌరవం. నీ మోటారు ఆ వంశానిదే.

ఇక నీ బండి జబ్బు. ఆ ఇంజనులో క్రాంకు వెనకవైపు రబ్బరు సీలు ఉండదు. కాస్త ఆయిలు బెల్ హౌసింగులోకి దిగుతూనే ఉంటుంది. దానికి క్లచ్ ప్లేటు పొడి, మన రోడ్ల దుమ్ము కలిసి స్లీవు మీద జిగురులా పేరుకుంటాయి. పినియన్ దానికి అంటుకుపోయి షాఫ్టుతోపాటే గిరగిరా తిరుగుతుంది. అదే నువ్వు విన్న గుయ్‌మనే చప్పుడు. ఆ లావు మెయిన్ స్ప్రింగు విరిగినా అలాగే వినిపించొచ్చు, విప్పితే తెలుస్తుంది. ముందు బ్యాటరీ ఎర్తు వైరు తియ్యి. ఆ కాలపు బండ్లలో పాజిటివ్ వైపు బాడీకి కలిపి ఉండొచ్చు, చూసుకో. మోటారు దింపి స్లీవును కిరసనాయిలుతో, బ్రష్షుతో కడిగి ఆరబెట్టు. గ్రీజు మాత్రం పెట్టనివ్వకు. ఎవరు చెప్పినా వినకు. గ్రీజు పెడితే నెల తిరక్కుండా మళ్లీ మొదటికొస్తావు. స్లీవు అరిగితే, దాని మీద తిరిగే నట్టుతో కలిపి జతగా కొను. కొట్టువాడు ఒక్కటే చాలంటే వేరే కొట్టుకు వెళ్లు.

బ్యాటరీ సంగతి కూడా చూడు. నీరసంగా ఉంటే మోటారు మెల్లగా అందుకుంటుంది. విసురు లేనిదే పినియన్ జరగదు. వానాకాలం మన దగ్గర చెమ్మకు టెర్మినళ్లు పచ్చబడతాయి. ఇంజను రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి దాని నుంచి బాడీకి వెళ్లే ఎర్తు పట్టీ శుభ్రంగా ఉండాలి.

ఎప్పుడైనా సెల్ఫ్ కొట్టగానే మోటారు ఠక్కుమని ఆగిపోయి, లైట్లు మసకబారితే పినియన్ రింగులో ఇరుక్కుందేమో చూడు. ఇగ్నిషన్ ఆపి, హ్యాండ్ బ్రేకు వదిలి, టాప్ గేరులో పెట్టి బండిని ముందుకీ వెనక్కీ ఊపు. గరగరమంటే పళ్లు అరిగినట్టు. నాలుగు సిలిండర్ల ఇంజను దాదాపు ఎప్పుడూ ఒకే రెండు చోట్ల ఆగుతుంది, రింగు అక్కడే తినేస్తుంది. బండిని గేరులో జానెడు తోసి మళ్లీ కొడితే పట్టిందంటే అనుమానం తీరినట్టే. ఒకసారి తప్పిపోతే ఇంజను పూర్తిగా ఆగేదాకా మళ్లీ సెల్ఫ్ కొట్టకు. తిరిగే రింగులోకి పినియన్ దూకితే పళ్లు రాలతాయి.

సెల్ఫ్ పనిచెయ్యక హ్యాండిల్ కొట్టాల్సొస్తే గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో చూసుకో. బొటనవేలు మిగతా వేళ్లవైపే ఉంచు, చుట్టి పట్టుకోకు. కింది నుంచి పైకి లాగు, పై నుంచి కిందికి నొక్కకు. ఇంజను వెనక్కి తన్నితే మణికట్టు విరుగుతుంది.

బెండిక్స్ స్ప్రింగును మాత్రం నువ్వు విప్పకు. గట్టిగా నొక్కి బిగించిన స్ప్రింగు, జారితే మొహానికే వస్తుంది. దాన్ని నొక్కిపట్టే క్లాంపు నా దగ్గరుంది, వచ్చే ఆదివారం తెస్తాను. మోటారు దింపి, స్లీవు కడిగి ఉంచు.

మీ మావయ్య