బండలలో ఆశ్రయము

పాఠ్యభాగము: కీర్తనలు 104:18–23, యోబు 38:25–27



మన బళ్లారి సీమలోని బండలగుట్టలను చూచి, "ఇది దేనికి పనికివచ్చును?" అని అనుకొనుచుందుము. రూపనగుడి నుండి బళ్లారి మీదుగా సండూరు తాలూకాలోని దరోజికి వెళ్లినచో జవాబు దొరకును. అక్కడి గుట్టలను 1994లో కర్ణాటక ప్రభుత్వము ఎలుగుబంట్ల అభయారణ్యముగా ప్రకటించెను.

1. దేవుడిచ్చిన నివాసము: బండల నడుమ గుహలలో ఎండ సోకదు. తల్లి ఎలుగు అక్కడ పిల్లలను కని, బయటికి వచ్చునప్పుడు వీపుమీద మోసికొని తిరుగును. అక్కడి పసుపు గొంతు పికిలిపిట్ట దక్షిణ భారతదేశపు రాతికొండలలో తప్ప లోకములో మరెక్కడను లేదు.

2. దేవుడిచ్చిన ఆహారము: ఎలుగుకు పైదవడలో ముందరి రెండు పళ్లుండవు. గోళ్లతో పుట్టను త్రవ్వి, ముక్కుపుటములు మూసికొని, ఆ సందులోనుండి చెదలను పీల్చుకొనును. రేల, రేగు, మేడి పండ్లను తిని, గింజలను దూరదూరముగా చేర్చును. అడవికి అదియొక విత్తువాడు.

3. దేవుడు పెట్టిన వేళలు: రాత్రి మృగములకు, పగలు మనుష్యుని కష్టమునకు అని కీర్తనకారుడు బోధించుచున్నాడు. ఎలుగు ఎక్కువగా రాత్రియందే తిరుగును. చీకటితో కట్టెలకు, చేనికి పోవువారు హఠాత్తుగా ఎదురైతే బెదరి మీదపడును. దాని గోళ్లకు ముఖము చీలినవారి బాధ చిన్నది కాదు. కావున ఒంటరిగా పోక, దీపముతో, మాటలాడుకొనుచు వెళ్లుట మంచిది.

అన్వయము: మనుష్యుడు లేని ఎడారిమీద సహితము దేవుడు వర్షము కురిపించునని యోబు గ్రంథము తెలుపుచున్నది. మనకు లాభము లేనిది ఆయనకు వ్యర్థము కాదు. సండూరు కొండలలో ఇనుపరాయికై జరిగిన త్రవ్వకము మితిమీరగా, 2011లో సుప్రీంకోర్టు బళ్లారి జిల్లా గనులను నిలుపుచేయవలసివచ్చెను. గనులు మనవి కాకపోయినను, గుట్టకు నిప్పు పెట్టు అగ్గిపుల్ల మన చేతిలోనిదే.

తుంగభద్ర కాలువ నీటిని నమ్మి వలసవచ్చిన కుటుంబములు మనలో కలవు. పరవాసులమైన మనకు ఈ సీమ చోటిచ్చెను. చోటు పొందినవాడు మరియొకని చోటు చెరుపతగునా?

ఆలోచించుడి:
1. ప్రభువైన యేసు అరణ్యములో అడవిమృగములతో ఉండెనని మార్కు 1:13 ఎందుకు చెప్పుచున్నది?
2. మన సంఘస్థులు ఈ వేసవిలో గుట్టలకు నిప్పు తగులకుండ ఏమి చేయగలరు?