దుప్పులు ముట్టని పూలమొక్కలు

చెన్నై నగరం నడిబొడ్డున ఉన్న అడవి గిండీ జాతీయ ఉద్యానం. దాని విస్తీర్ణం సుమారు 2.7 చదరపు కిలోమీటర్లు. దానిని ఆనుకొని 1959లో నెలకొన్న ఐఐటీ ప్రాంగణం ఉన్నది. ఈ పచ్చని నేలలో చుక్కల దుప్పులు, కృష్ణజింకలు నివసిస్తున్నాయి. ఈ అడవి అంచున, ప్రాంగణాల క్వార్టర్లలో, ప్రహరీల పక్కన కాపురముండే తెలుగు కుటుంబాలకు దుప్పుల రాక కొత్త సంగతి కాదు. సాయంత్రం మొగ్గ తొడిగిన మందారం తెల్లవారేసరికి మోడుగా మిగలడమూ కొత్త కాదు.

ఇందులో పూల నష్టం చిన్నది, దుప్పికి కలిగే నష్టం పెద్దది. పెరటి చిగురు రుచి మరిగిన దుప్పి పదే పదే అడవి దాటి వస్తుంది. ఆ దారిలో వాహనాలు, వీధికుక్కలు, ఆహారపు వాసన గల ప్లాస్టిక్ సంచులు ఉంటాయి. కాబట్టి దానికి రుచించని మొక్కలను నాటడం తోటకూ దుప్పికీ కూడా రక్ష.

ముందుగా తేల్చుకోవలసినది

దుప్పికి పై దవడలో ముందు పళ్ళు ఉండవు. అది కొమ్మను కొరకదు, పట్టి లాగుతుంది. అందువల్ల తిన్న చోట కొమ్మ చివర చీలికలుగా, పీచుపీచుగా కనిపిస్తుంది. ఆకుకు చిల్లులు పడితే అది పురుగు పని. కొమ్మ కత్తితో కోసినట్లు నున్నగా తెగితే ఎలుకను అనుమానించాలి. ఆవు, మేక కూడా దుప్పి వలెనే లాగి తింటాయి గనుక నేలపై గిట్టల ముద్రలను చూసి నిర్ధారించుకోవాలి.

దుప్పి దేనిని విడిచిపెడుతుంది?

చుక్కల దుప్పికి ముఖ్యాహారం గడ్డి. ఎండకాలంలో గడ్డి మాడినప్పుడు ఆకులు, కాయలు, రాలిన పూలు తింటుంది. మందారం, గులాబి లేత చిగుళ్ళు దానికి ఇష్టం. గులాబి ముళ్ళు కూడా దానిని ఆపలేవు. అది సాధారణంగా విడిచిపెట్టేవి రెండు విధాలు.

మొదటివి చేదు రసం గలవి. నందివర్ధనం ఆకు తుంచితే పాలు కారతాయి. బిళ్ళగన్నేరు ఆకు మిక్కిలి చేదు. దేవగన్నేరుకూ పాలు ఉన్నాయి. ఈ మూడూ ఒకే వృక్షకుటుంబానికి చెందినవి. పూజకు పూలు కావలసిన ఇంటికి నందివర్ధనం, ఏడాది పొడుగునా రంగు కావలసిన ఇంటికి బిళ్ళగన్నేరు తగినవి.

రెండవవి ఘాటైన వాసన గలవి. తులసి, మరువం, దవనం, బంతి ఈ కోవలోనివి. వీటిలో బంతిని పూర్తిగా నమ్మరాదు. ఆకలిగొన్న దుప్పి లేత బంతినారును కొరికి చూడవచ్చు.

కాగితపు పూల తీగ ముదిరిన తరువాత ముళ్ళతో కొంత నిలుస్తుంది గాని, దాని లేత చిగురుకు ఆ రక్షణ లేదు.

నర్సరీలో తమిళ పేరుతో అడిగితే మొక్క సులభంగా దొరుకుతుంది. నందివర్ధనాన్ని నందియావట్టై అనీ, బిళ్ళగన్నేరును నిత్యకల్యాణి అనీ, గన్నేరును అరళి అనీ, బంతిని సెండుమల్లి లేక తులుక్క సామంది అనీ అంటారు.

ఒక హెచ్చరిక

గన్నేరును, పచ్చగన్నేరును దుప్పులు ముట్టకపోవడానికి కారణం వాటి విషం. ఆ విషం గుండెకు హాని చేస్తుంది. పచ్చగన్నేరు గింజలు ప్రాణాంతకం. పసిపిల్లలు, పశువులు తిరిగే ఇంట ఈ రెండూ వద్దు. బిళ్ళగన్నేరు ఆకును కూడా నోట పెట్టరాదు. కత్తిరించిన కొమ్మలను పశువులకు వేయరాదు, పొయ్యిలో కాల్చరాదు.

నాటే పద్ధతి

1. దుప్పి వచ్చే వైపున నందివర్ధనాన్ని దగ్గర దగ్గరగా వరుసగా నాటాలి. దాని ముందు బిళ్ళగన్నేరు, మరువం వేయాలి.

2. మందారం, గులాబి, చామంతి వంటి ఇష్టమైన మొక్కలను ఇంటి గోడ పక్కన గాని, కుండీలలో మేడమీద గాని ఉంచాలి.

3. కొత్తగా తెచ్చిన మొక్క లేతగా ఉంటుంది. వేరు పట్టేవరకు చుట్టూ వెదురు తడిక కట్టాలి. వదులుగా వేలాడే నైలాను వలలో కొమ్ములు చిక్కుకుంటాయి. ముళ్ళతీగ దుప్పిని గాయపరుస్తుంది. ఈ రెండూ వాడరాదు.

4. కూరగాయల తొక్కులు, మిగిలిన అన్నం ప్రహరీ వెలుపల పోయరాదు. ఎంత జాగ్రత్తగా మొక్కలను ఎంచుకున్నా, ఈ ఒక్క అలవాటు దుప్పిని మళ్ళీ గుమ్మానికి రప్పిస్తుంది.

కరవు రోజులలో దుప్పి చేదునైనా రుచి చూస్తుంది గనుక ఏ మొక్కకూ పూర్తి అభయం లేదు. అయినా తిండి దొరకని పెరటికి అది మళ్ళీ మళ్ళీ రాదు.

దుప్పి లోపలికి వస్తే

తరమరాదు. బెదిరిన దుప్పి గోడలకు కొట్టుకొని గాయపడుతుంది, భయంతోనే ప్రాణం విడిచే ప్రమాదం కూడా ఉన్నది. కుక్కను కట్టివేసి, గేటు తెరచి, అందరూ లోపలికి వెళ్ళాలి. అది గాయపడినా, దారి తెలియక తిరుగుతున్నా అటవీశాఖకు తెలియజేయాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దుప్పిని పట్టుకోవడం, గాయపరచడం నేరం.

అభ్యాసం: ఒక వారం పాటు ప్రతి ఉదయం తోటను పరిశీలించి, ఏ మొక్క, ఏ వైపున, ఎంత ఎత్తున కొరకబడిందో వ్రాసి ఉంచండి. నందివర్ధనం వరుస ఎక్కడ నాటాలో ఆ పట్టికే తెలుపుతుంది.