తాత ఫోటో, వానాకాలం, ఒక జిప్ కవర్

పోయిన జూలైలో మా తాత చనిపోయారు. దశదినకర్మకి ముందు రాత్రి బడంగ్‌పేట్‌లో మాకు దగ్గరున్న స్టూడియోలన్నీ మూసేశారు. ఇంట్లో ఇంక్‌జెట్ ప్రింటర్ ఉంది, సజ్జ మీద సగం వాడిన ఫోటో పేపర్ ప్యాకెట్ ఉంది. ప్రింట్ తీశాను. కాగితం వంకర తిరిగింది, మీసాల నలుపు చెంప మీదికి పాకింది. నానమ్మ చేతిలోకి తీసుకుని, "మీ తాత ముఖం గిట్లయిందేంది బిడ్డా?" అంది. ప్రింటర్ పాడైందని చెప్పాను. ప్రింటర్ బాగానే ఉందని తర్వాత తెలిసింది. ఎండాకాలం నుంచి ఆ ప్యాకెట్ నోరు తెరిచి పెట్టింది నేనే.

కాగితం లోపల ఏముంది?

మనం కొనే గ్లాసీ ఫోటో పేపర్‌లో మధ్యలో కాగితం, రెండు వైపులా పల్చటి పాలిథిన్ పొర, పైన ఇంక్ పీల్చే పూత ఉంటాయి. చాలా రకాల్లో ఈ పూత అంటే సిలికా లాంటి సన్నటి రేణువులు, వాటి మధ్య కంటికి కనపడని రంధ్రాలు. ఇంక్ వాటిలోకి దిగి అక్కడే ఆగాలి. ఆ రంధ్రాలు ముందే తేమ పీల్చుకుని ఉంటే ఇంక్ త్వరగా ఆరదు, పక్కలకి పాకుతుంది. పూత, కాగితం తేమకి ఉబ్బుతాయి, ప్లాస్టిక్ ఉబ్బదు. వంకర అందుకే.

ఏసీ గదిలో పెడితే సరిపోతుందా?

నేనూ అదే అనుకున్నాను. సగమే నిజం. 30 డిగ్రీల దగ్గర ఘనమీటరు గాలి సుమారు 30 గ్రాముల నీటి ఆవిరిని పట్టుకోగలదు. 20 డిగ్రీల దగ్గర 17 గ్రాములే. బయట 30 డిగ్రీలు, తేమ 75 శాతం అనుకుందాం. ఆ గాలి 25 డిగ్రీలకి చల్లబడితే చాలు, నీరు కడుతుంది. 22 డిగ్రీల ఏసీ గదిలోని ప్యాకెట్‌ని హాల్లోకి తెచ్చి వెంటనే విప్పితే, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి పట్టినట్టే కాగితానికీ చెమ్మ పడుతుంది. కాబట్టి మూసి ఉంచే తీసుకురండి, రెండు మూడు గంటలు ఆగి విప్పండి.

ఇప్పుడు నేను చేస్తున్నవి

1. కాగితం దాని కవర్‌లోనే ఉంచి, గాలి తీసేసి, జిప్ కవర్‌లో పెట్టి, మూత గట్టిగా పట్టే డబ్బాలో పడుకోబెడతాను. నిలబెడితే వంగుతుంది.

2. డబ్బాలో సిలికా జెల్ వేస్తాను. బియ్యం వద్దు, దుమ్ము రాలుతుంది, పురుగు పడుతుంది. నీలం గింజలు తేమ పీల్చాక గులాబీ రంగుకి మారతాయి. ఆ రంగు కోబాల్ట్ క్లోరైడ్‌ది, విషం. వాటిని వంటింటి గిన్నెల్లో వేడి చేయొద్దు.

3. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే మంచిది. మరీ ఎండినా కాగితం వంకర పోతుంది. చౌక సెన్సర్‌ని నమ్మే ముందు, తడి ఉప్పు ఉన్న చిన్న గిన్నెతో పాటు దాన్ని ఒక డబ్బాలో మూసి రాత్రంతా ఉంచండి. 75 శాతం దగ్గర చూపించాలి. ఎంత తేడా ఉందో అంత కోడ్‌లో సరిచేసుకోవచ్చు.

4. ఆ రోజుకి కావలసినన్ని కాగితాలే తీస్తాను. మిగిలినవి ట్రేలో వదలను.

ఈ బాధ కొత్తది కాదు. ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ (1844–1905) కాలంలో గుడ్డు తెల్లసొన పూసిన ఆల్బుమెన్ కాగితం వాడేవారు. వెండి ద్రావణం పట్టించాక అది ఎక్కువ రోజులు నిలిచేది కాదు, పసుపెక్కేది. అందుకే వాడకానికి కాస్త ముందే ద్రావణం పట్టించుకోవడం మామూలు.

పొద్దున్నే నాన్న స్టూడియో తెరిపించి తాత ఫోటో వేయించుకొచ్చారు. ఇప్పుడది గోడ మీద ఉంది. ఫ్రేమ్ వెనక నాలుగు మూలలా చిన్న కార్క్ ముక్కలు అంటించాను, గోడ చెమ్మ తగలకుండా. అద్దం ఫోటోకి అంటుకోకుండా మధ్యలో అట్ట అంచు పెట్టించాను. పాడైన ప్రింట్‌ని మాత్రం నానమ్మ పారేయనివ్వలేదు. బీరువాలో, చీరల మధ్య ఉంది.

మీ ఇంట్లోనూ సగం వాడిన ప్యాకెట్ ఒకటి ఉండే ఉంటుంది. వానలు ముదరకముందే చూడండి.